కలుగులన్నియు ఒకటి కావు

దేవుడు ఆదామును ఏదెను తోటలో ఉంచినప్పుడు అతనికి రెండు పనులు అప్పగించెనని ఆదికాండము 2:15లో చదువుచున్నాము. ఒకటి తోటను పెంచుట, రెండవది దానిని కాపాడుట. పెంచుట సంతోషకరమైన పని. కాపాడుట అంత సులభము కాదు. కాపాడవలెనన్న కొన్నిటిని రానియ్యవలెను, కొన్నిటిని ఆపవలెను. వేటిని ఆపవలెను, ఆపుటకు ఎంతవరకు పోవచ్చును? పెరటి తోట గలవారికందరికి ఎదురగు ధర్మసందేహమిది.

2016లో ప్రత్యేక జిల్లాయైన మన నాగర్‌కర్నూలు ప్రాంతమున వేరుశనగ విరివిగా పండును. పెరటిలో నాలుగు సాళ్లు వేరుశనగయో గెణుసుగడ్డయో వేసినవారికి పందికొక్కు సంగతి చెప్పనక్కరలేదు. అది రాత్రివేళ కలుగు త్రవ్వి, కాయలు కొరికి, తినగా మిగిలినది లోపల దాచుకొనును. బీద కుటుంబమునకు ఇది చిన్న నష్టము కాదు. ద్రాక్షతోటలను పాడుచేయు నక్కలను పట్టవలసినదేయని పరమగీతము 2:15 వలన కూడ గ్రహించుచున్నాము. గనుక తోటను కాచుకొనుట పాపము కాదు.

అయితే నేలను త్రవ్వునది పందికొక్కు ఒక్కటే కాదు. లోకమందు తేనెటీగల కుటుంబమునకు చెందిన జాతులు సుమారు 20,000 ఉన్నవి. వాటిలో సగమునకు పైగా పట్టు పెట్టవు. నేలలో సన్నని బొరియ త్రవ్వి అందులో పిల్లలను పెంచును. నీలిచారల ఈగ ఎండిన నేలలోను మట్టిగోడలలోను గూడు చేసికొనును. నల్లని తుమ్మెద ఎండుకట్టెను తొలుచును. వంగపువ్వులో పుప్పొడి సన్నని గొట్టములవంటి కేసరములలో బిగిసియుండును. తుమ్మెదయు నీలిచారల ఈగయు పువ్వును పట్టుకొని తమ దేహమును అదరించి ఆ పొడిని రాల్చును. పట్టు పెట్టు తేనెటీగలకు ఆ నేర్పు లేదు. గుమ్మడిలోనైతే ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. అవి తెల్లవారునప్పుడు విచ్చి, ఎండ ముదురకముందే ముడుచుకొనును. ఆ కొద్ది గంటలలో ఈగ రానియెడల పిందె పసుపుబారి రాలిపోవును.

కన్నము కనబడినచోటనెల్ల విషము పోయువాడు ఎలుకమీద కోపముతో ఇల్లు తగులబెట్టుకొన్నవానివంటివాడు. విషపుటెరను కోడియు కుక్కయు తినవచ్చును. కొన్ని విషములు తిన్న ఎలుకను పట్టిన గుడ్లగూబకు కూడ హాని కలుగును. ఆ గుడ్లగూబయే మనకు జీతము లేని కావలివాడు. కలుగులో వేయు విషపు బిళ్లల వాయువు గోడక్రిందుగా ఇంటిలోనికి ప్రాకినచో మనుష్యులే మరణింతురు.

కావున మొదట గుర్తెరుగవలెను. పందికొక్కు కలుగు పిడికిలి పట్టునంత వెడల్పు. దాని ముందు క్రొత్తమట్టి కుప్పగా నుండును. ఈగ బొరియ పెన్సిలంత సన్నము. ఉదయమున కాళ్లకు పసుపుపొడి అంటుకొనిన ఈగ అందులోనికి పోవుచుండును. పెద్ద కలుగులను సాయంకాలము మట్టితో మూసి, మరునాడు ఏవి తెరువబడినవో చూచినచో కొక్కున్నచోటు తెలియును. అక్కడ బోను పెట్టవచ్చును. మడి క్రిందను చుట్టును అర అంగుళపు కన్నుల ఇనుపజాలిని పాతిపెట్టిన యెడల అది లోనికి రాజాలదు. తోటలో ఒక మూల ఎండ తగులు నేలను త్రవ్వక వదలి, కొత్తిమీరను తులసిని పూయనిచ్చి, పూలు విచ్చియున్నవేళ మందు చల్లక మానినచో ఈగలు తామే వచ్చును. ఇందుకు శ్రమయు ఓర్పును కావలెను. విషము చవుక, త్వరితము. మన శోధన అక్కడనే యున్నది.

మత్తయి 13వ అధ్యాయపు ఉపమానములో దాసులు గురుగులను వెంటనే పెరుకుదుమనగా యజమానుడు వద్దనెను. ఆయన గురుగులను ప్రేమించెనని కాదు, గోధుమ పోవునని వెరచెను. సంఘమను తోటలో మనకు ఈ వెరపు ఉన్నదా? పనికై హైదరాబాదుకో ముంబయికో వలసపోయి నెలల తరువాత తిరిగివచ్చిన కుటుంబము వెనుక వరుసలో కూర్చుండినచో, విశ్వాసమునుండి జారిరని గుసగుసలాడుదుము. ఒక యౌవనుడు కఠినమైన ప్రశ్న అడిగినచో సంఘమునకు గోతులు త్రవ్వుచున్నాడందుము. అతడు త్రవ్వుచున్నది తన విశ్వాసము నిలుచుటకు కొంచెము చోటేమో! ఆ కన్నము మూసితిమా, రేపటి ఫలమును మనమే పోగొట్టుకొందుము.

బీదల సొమ్ము తిను పందికొక్కు సంఘములో ఉండదా? ఉండవచ్చును. దానిని చూచియు చూడనట్లుండుట ప్రేమ కాదు. కాని మొదట ఏకాంతమున మాటలాడవలెను, పిమ్మట సాక్షులతో పోవలెను, తుదకు సంఘమునకు తెలుపవలెను. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు ఏర్పరచిన మార్గమిది. ఈ మార్గమున దోషి పట్టుబడును, నిర్దోషికి దెబ్బ తగులదు.

దెబోరా అను పేరునకు హెబ్రీ భాషలో తేనెటీగ అని అర్థము. ఆమె చెట్టుక్రింద కూర్చుండి, తనయొద్దకు వచ్చినవారి వ్యాజ్యెములను విని తీర్పు చెప్పుచుండెను. ప్రియులారా, తోటలోనైనను సంఘములోనైనను చేయి ఎత్తకముందు కూర్చుండి చూచు ఓపికను, విను మనస్సును ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.