కోడు నంబరు ఆరు

‘బడి మానడానికి కారణం?’ నా ప్రశ్నావళిలో పదిహేడో ప్రశ్న ఇది. ఎదురుగా ఆరు గళ్ళు. ఆర్థిక ఇబ్బంది, ఇంటిపని, బడి దూరం, చదువుపై ఆసక్తి లేకపోవడం, పెళ్ళి, ఇతరములు. రెండు నెలలు కూర్చుని తయారుచేశాను. గైడ్ మెచ్చుకున్నారు కూడా.

2003 అక్టోబరులో ఆ కాగితాల కట్టతో గద్వాల వైపు ఒక పల్లెకి వెళ్ళాను. అప్పుడది మహబూబ్‌నగర్ జిల్లా. సీడు పత్తి క్రాసింగ్ రోజులు. సాయంత్రం మొగ్గల్లోంచి కేసరాలు గిల్లెయ్యాలి, మర్నాడు పొద్దున్నే వేరే మొక్కల పూలు తెచ్చి పుప్పొడి రుద్దాలి. దానికి ఆడపిల్లల చిన్న చేతులే కావాలంటారు రైతులు. కూలి తక్కువన్న మాట మాత్రం పైకి రాదు. మొదటి రెండు గళ్ళే ఎక్కువ నిండుతాయని నేను ముందే తీర్మానించుకుని వెళ్ళాను.

పదమూడేళ్ళ ఆ అమ్మాయి ఇంట్లో తండ్రే జవాబు చెప్పాడు. “దానికే సదువు మీద మనసు లేదు మేడమ్.” నాలుగో గడిలో టిక్కు పెట్టాను. అనుమతి పత్రం మీద వేలిముద్ర కూడా ఆయనదే. ఆ పిల్ల లోపల పొయ్యి దగ్గర ఉంది. అడిగింది ఆమె బతుకు గురించి, సరేనన్నది ఆయన. అప్పట్లో నాకిందులో తప్పేమీ కనిపించలేదు. మైనరు కదా, తండ్రి సంతకం చాలన్నాయి పుస్తకాలు.

నాలుగో రోజు చేను గట్టు మీద నా వెనకాలే వచ్చింది. మేడమ్ అనలేదు. “అక్కా, ఒక మాట చెప్త, రాసుకోవు గదా?” అంది. రాసుకోనని పెన్ను సంచిలో వేశాను. ఒక సారు గురించి చెప్పింది. ఇంకా ఇద్దరు పిల్లలు అదే క్లాసులో ఉన్నారంది. “మా నాయినకు తెలిస్తే పెండ్లి చేస్తడు” అంది. ఆ సాయంత్రం ఆమె ఫారం తీసి నాలుగు కొట్టేసి ఆరు వేశాను. ఇతరములు. ఇన్నేళ్ళ తర్వాత, ఊరి పేరు లేకుండా, ఈ మాత్రం రాయడం కూడా మాట తప్పడమేనేమో.

మంచి ప్రశ్నావళి రాస్తే నిజం బయటికొస్తుందని నాకు నేర్పారు. ఇంటర్వ్యూ చేసే మనిషి తన సంగతి చెప్పకూడదు, ఎదుటివాళ్ళు అడిగితే నవ్వి దాటెయ్యాలి అని కూడా. ఆన్ ఓక్లే 1981లోనే దీన్ని ఎత్తిచూపింది. తల్లులు కాబోతున్న ఆడవాళ్ళు ఆమెను ఎదురు ప్రశ్నలడిగారు, ఆమె జవాబులు చెప్పింది. మన దగ్గర స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వాళ్ళ మాటల్లోనే ‘మనకు తెలియని మన చరిత్ర’ను 1986లో తెచ్చారు. ఈ రెండూ చదివే నేను ఫీల్డుకి వెళ్ళాను. గట్టు మీద మాత్రం రెండూ అక్కరకు రాలేదు. దగ్గరితనం ఉంటే స్త్రీలు మనసు విప్పుతారన్నది నిజమే. విప్పిన తర్వాత మన చేతిలో పడ్డదాన్ని ఏం చెయ్యాలన్నదే నాకు తెలియలేదు. నమ్మకం కూడా ఒక సమాచార సేకరణ పద్ధతేనా? ఆ పిల్ల నన్ను అక్కా అంది. నేను నాలుగు రోజుల్లో బస్సెక్కాను.

పేరు మారిస్తే చాలంటారు. నగరంలో చాలుతుందేమో. ఆ ఊరికి ఒకటే హైస్కూలు, ఆ ఏడు ఏడో తరగతి తర్వాత బడి మానిన ఆడపిల్లలు నలుగురు. ఏ పేరు పెట్టినా ఊరు వేలు పెట్టి చూపిస్తుంది.

మూడు నెలలు నోరెత్తలేదు. ఆ ఇద్దరు పిల్లలు నిద్ర పట్టనివ్వలేదు. చివరికి మండల కేంద్రంలోని ఒక మహిళా బృందానికి చెప్పాను. ఆ అమ్మాయి పేరు చెప్పలేదు. వాళ్ళు బడికి వెళ్ళి అడిగారు. ఆ సారుకి బదిలీ అయింది. ఇంకో బడికే. అక్కడా ఆడపిల్లలుంటారు. వేసవిలో మళ్ళీ వెళితే ఆ అమ్మాయి లేదు. పెళ్ళి చేసి పంపేశారట. మాట బయటికి పొక్కినందుకా, ఎలాగూ చేసేవాళ్ళా? అడగడానికి నోరు రాలేదు. థీసిస్‌లో ఆమె ‘ఇతరములు’ వరసలోనే ఉండిపోయింది. పట్టా వచ్చింది.

2012లో పోక్సో చట్టం వచ్చింది. పిల్లల మీద ఇలాంటిది జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష. పరిశోధకురాలికి మినహాయింపు లేదు. మొదట నాకు ఊరట అనిపించింది, నిర్ణయం నా మీద లేదు కదా అని. తర్వాత అదే నచ్చలేదు. అప్పుడు నా మౌనాన్ని ఆమెకిచ్చిన మాట కాపాడింది, ఇప్పుడైతే నా మాట తప్పడాన్ని చట్టం కాపాడుతుంది. రెండు చోట్లా క్షేమంగా ఉన్నది నేనే. అయినా ఆ ఇద్దరు పిల్లల్ని తలుచుకుంటే, చట్టం పక్షానే నిలబడతాను.

ఇప్పుడు నా విద్యార్థినులకు ఒకటి చెబుతున్నాను. పెన్ను తీసేముందే ఆ పిల్లతో అనండి, కొన్ని సంగతులు నాతో చెబితే నేను దాచలేను, పై వాళ్ళకి చెప్పాల్సి వస్తుంది అని. సంతకం పెద్దవాళ్ళదైనా, ఈ మాట మాత్రం పిల్లకే చెప్పండి అని.

పోయినేడు క్లాసులో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. “అట్ల ముందే చెప్తే, ఇంక ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటది మేడమ్?”

పీరియడ్ అయిపోయిందని బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు.