పాట ఎవరి సొత్తు?

కువైట్‌లో మన సభలకు ‘మా తెలుగు తల్లికి’ వినిపిస్తేనే నిండుదనం. 1942లో వచ్చిన ‘దీనబంధు’ చిత్రంకోసం శంకరంబాడి సుందరాచారిగారు రాసిన పాట ఇది. సినిమాలో చోటు దక్కలేదు. టంగుటూరి సూర్యకుమారిగారి గొంతుతో గ్రామఫోను రికార్డై ఇంటింటికీ చేరింది. అటుపైన పాడనివారెవరు? సాగదీసినవారున్నారు, చరణాలు మింగినవారున్నారు, కీబోర్డు మోతలో ముంచినవారూ ఉన్నారు. సూర్యకుమారిగారిలా లేదని నొచ్చుకోవడం మాకు సబబుగా తోచదు. పదిమందీ కలిసి పాడుకునే పాటకు ఒక్క గొంతే ప్రమాణమా? శ్రుతి తప్పితే సర్దుకుంటాం. కవి పేరు తప్పిపోతేనో? గాయకులను పేరుపేరునా పరిచయం చేస్తాం. 1977లో కన్నుమూసిన ఆ కవి ఊసే ఎత్తం. ఆయన తిరుపతివారు. కడప, చిత్తూరు సీమల నుంచి ఇంతమందిమి ఇక్కడికి వచ్చామే, మన నోటికైనా ఆ పేరు రావద్దూ?