జేతవనం బేరం: ఇల్లు కొనేవారికి, అమ్మేవారికి ధమ్మం చెప్పే మాట





మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మన పిల్లలు చదువుకున్నారు. టీచర్లయ్యారు, బ్యాంకుల్లో చేరారు, బెంగళూరు పోయి నాలుగు రాళ్ళు వెనకేసుకున్నారు. ఇప్పుడు వాడ దాటి టౌన్లో సొంతిల్లు కొనాలని చూస్తున్నారు. అక్కడ బేరం ధర దగ్గర మొదలు కాదు. "మీరేమోళ్ళు?" అనే దగ్గర మొదలవుతుంది. జవాబు విన్నాక, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న ఇల్లు ఈరోజు అమ్ముడైపోయి ఉంటుంది!

ఈ ప్రశ్న బాబాసాహెబ్‌నూ వదల్లేదు. విదేశాల్లో పెద్ద చదువులు చదివి 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు వెళ్తే, ఉండడానికి గది దొరకలేదు. పార్శీ పేరుతో ఒక పార్శీ సత్రంలో దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి, సాయంత్రానికి ఖాళీ చేయమంది. ఇద్దరు మిత్రులను ఆశ్రయం అడిగారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక సాకు చెప్పారు. రైలు వేళదాకా పార్కులో కూర్చుని, ఆ రాత్రి బొంబాయి రైలెక్కారు. ఆయనే 1930లలో దాదర్‌లో సొంత ఇల్లు కట్టుకుని, బుద్ధుడు నడిచిన నగరం పేరు పెట్టుకున్నారు. అదే రాజగృహ.

ఇల్లు కొనడం, అమ్మడం సంసారుల గొడవ, ధమ్మానికి దాంతో ఏం పని అంటారా? వినయపిటకంలో ఒక భూమి బేరం కథ ఉంది. భగవానుడి సంఘానికి విహారం కట్టాలని అనాథపిండికుడు శ్రావస్తిలో జేతుడనే రాకుమారుడి తోట అడిగాడు. నేలంతా నాణేలు పరిచినా ఇవ్వనన్నాడు జేతుడు. అయితే బేరం కుదిరిందన్నాడు అనాథపిండికుడు. తగవు న్యాయాధికారుల ముందుకు పోయింది. ధర పలికావు కాబట్టి అమ్మినట్టేనని రాకుమారుడికే చెప్పారు వాళ్ళు. బండ్లకొద్దీ బంగారు నాణేలు పరిచాక ద్వారం దగ్గర కొంచెం జాగా మిగిలింది. అది చూసి జేతుడి మనసు మారింది. ఆ జాగా తానే దానం చేసి, అక్కడ ద్వారమండపం కట్టించాడు.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. పలికిన మాటకు కట్టుబడాలి. రాకుమారుడైనా, వర్తకుడైనా న్యాయం ముందు ఒకటే. కొన్నవాడూ అమ్మినవాడూ చివరికి శత్రువులుగా కాక మిత్రులుగా విడిపోవాలి.

ఈనాటి చట్టమూ ఇంచుమించు ఇదే అడుగుతుంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలుగా చూస్తే కనిపెట్టలేని లోపం ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉంటే, తెలిసిన అమ్మకందారు దాన్ని చెప్పి తీరాలి. దాచిపెడితే మోసమే. మన శీలం మాటల్లో చెప్పాలంటే అది అబద్ధమూ అవుతుంది, ఇవ్వనిది తీసుకోవడమూ అవుతుంది.

కొనే అన్నలు, అక్కలు జాగ్రత్త! ఈసీ తీయండి. లింకు డాక్యుమెంట్లు చూడండి. స్థలం 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. డీ-పట్టా భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం, దాని సవరణలు ఏం చెప్తున్నాయో తెలుసుకోకుండా పైసా ఇవ్వొద్దు. తెల్లకాగితం మీద సంతకం ఇల్లు కాదు, రిజిస్టరైన దస్తావేజే ఇల్లు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయాయి, కేసు సీఐడీ దాకా పోయింది. ఆఫీసులో కాగితానికే భద్రత లేనప్పుడు, మీ పట్టా, మీ దస్తావేజు సర్టిఫైడ్ నకళ్ళు మీ ఇంట్లో ఉండాలి.

మరి కులం పేరుతో అడ్డుపడితే? తన ఇల్లు ఎవరికి అమ్మాలన్నది యజమాని ఇష్టం అంటారు. కానీ అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, కొనకుండా, ఉండకుండా అడ్డుకోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. వీధంతా ఒక్కటై ఎస్సీ కుటుంబాన్ని వెలివేస్తే, వెలివేస్తామని బెదిరిస్తే అది అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుంది. బౌద్ధులమయ్యాం కదా, ఆ రక్షణ పోయిందేమో అని భయపడొద్దు. బౌద్ధం తీసుకున్న ఎస్సీలకు ఆ హోదా ఉంటుందని 1990లోనే చట్టం చేశారు. ఫిర్యాదుకు 14566 హెల్ప్‌లైన్ ఉంది. ఆదాయంతో పని లేకుండా ఎస్సీలకు న్యాయసేవా కమిటీలు ఉచితంగా లాయరును ఇస్తాయి.

ఇంతవరకు మన హక్కు. ఇక మన బాధ్యత, ఇదే కష్టమైనది.

మనం అమ్మేటప్పుడు, బాడుగకిచ్చేటప్పుడు ఏం అడుగుతున్నాం? మాల ఇంటివాళ్ళు మాదిగలకు, మాదిగ ఇంటివాళ్ళు మాలలకు, ఇద్దరూ కలిసి యానాదులకు, ముస్లింలకు అదే "మీరేమోళ్ళు?" వేస్తే, గోడ మీద బాబాసాహెబ్ పటం ఎందుకు? మనుషులంతా సమానమని 22 ప్రతిజ్ఞల్లో ఒప్పుకున్నాం. ఆ ప్రతిజ్ఞ నాగపూర్ దీక్షాభూమికే పరిమితమా? మన ఇంటి గడప దగ్గర చెల్లదా?

అట్లే, పెళ్ళై పోయిందని అక్కచెల్లెళ్ళ భాగం దాచి అమ్మొద్దు. ఒకరికి అడ్వాన్సు తీసుకుని, ఎక్కువిస్తానన్న ఇంకొకరికి రాసివ్వొద్దు. స్టాంపు ఖర్చు మిగులుతుందని దస్తావేజులో తప్పుడు ధర వేయొద్దు. సమ్యక్ ఆజీవమంటే జీతం సంపాదించే తీరు మాత్రమే కాదు, ఆస్తి చేతులు మారే తీరు కూడా.

ఈ పున్నమికి వందన అయ్యాక ఇంట్లో అందరూ కూర్చొని ఒక తీర్మానం చేసుకోండి: మా ఇంటికి ధర అడుగుతాం, కాగితం చూపిస్తాం, లోపముంటే చెప్తాం, కులం మాత్రం అడగం. మనల్ని గాయపరిచిన ప్రశ్న మన నోటి నుంచి రాకపోవడమే ధమ్మం.

భవతు సబ్బ మంగళం. సాధు, సాధు, సాధు.