త్వరపడేవానికి పొరుగువాడు కనబడునా?



క్రిస్మస్, సంక్రాంతి, ఈస్టరు, దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే మన క్యాంపులలో ప్రయాణపు హడావిడి మొదలవుతుంది. సింధనూరు, మాన్వి, సిరవార, మస్కి ప్రాంతముల నుండి కొందరు గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాలలోని స్వగ్రామాలకు కార్లలో బయలుదేరుతారు. కొందరు పిల్లలను తీసుకొని హంపికో, తుంగభద్ర డ్యాముకో వెళ్తారు. రెండు మూడు రోజుల సెలవులోనే అన్నీ చూడాలి, అందరినీ పలకరించాలి, మళ్ళీ పనిరోజు ఉదయానికి ఇంట్లో ఉండాలి. గంటలు లెక్కపెట్టుకొని బయలుదేరుతాము. ఆ లెక్కలో టైరు పంక్చరుకు చోటుండదు. రేడియేటరు మరిగిపోవడానికి చోటుండదు. దారి పక్కన ఇంకొకరి బండి ఆగిపోయి ఉంటే, దానికి అసలే చోటుండదు.

అందుచేత ఈసారి మీతో కలిసి ఒక ప్రశ్నను ఆలోచించాలని ఉంది. దారిలో ఆపదలో ఉన్నవారిని మనము దాటిపోయేది ప్రేమ లేకనా, సమయము లేకనా? సమయము లేక దాటిపోయినవాడు ప్రేమ లేక దాటిపోయినవానికంటే మంచివాడా?

లూకా సువార్త పదవ అధ్యాయములో మన ప్రభువు చెప్పిన ఉపమానము మనకు చిన్నప్పటి నుండి తెలుసు. సండే స్కూలులో నాటికగా కూడా వేసి ఉంటాము. అయితే అది ఒక ప్రయాణపు కథ అన్న సంగతి మాత్రము తరచుగా మరచిపోతాము. యెరూషలేము కొండల మీద ఉంది. యెరికో సముద్రమట్టానికి దిగువన ఉంది. ఆ రెండింటి మధ్య సుమారు 27 కిలోమీటర్ల దారి, వెయ్యి మీటర్లకు పైగా దిగుడు. రాళ్ళు, మలుపులు, దొంగలు దాగే చోట్లు. అటువంటి దారిలో ఎవరైనా త్వరగా దాటిపోవాలనే చూస్తారు.

యాజకుడు ఎందుకు ఆగలేదో ప్రభువు చెప్పలేదు. దేవాలయ సేవకు ఆలస్యమవుతుందని ఆగలేదేమో అని కొందరు బోధకులు అంటారు. కానీ ఆ యాజకుడు ఆ దారిన దిగి వెళ్తున్నాడని లూకా వ్రాశాడు. అంటే యెరూషలేమునకు వెళ్ళడము కాదు, అక్కడి నుండి వస్తున్నాడు. సేవ ముగించుకొని ఇంటికి పోతున్నవాడే కావచ్చు. ఆరాధన అయిపోయిన తరువాత ఇంటికి చేరే తొందర మనకు తెలియనిదా?

ఇక సమరయుడు. అతడు కూడా ప్రయాణములోనే ఉన్నాడు. అతనికీ పని ఉంది, చేరవలసిన ఊరు ఉంది. అతడు చేసినదంతా వరుసగా చూస్తే అందులో నూనె, ద్రాక్షారసము, వాహనము, డబ్బు ఉన్నాయి. వీటితో పాటు మనము లెక్కపెట్టనిది ఒకటి ఉంది. అతడు మరునాటి వరకు ఆగాడు. ఒక రాత్రి పోయింది. తరువాత పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చి, తక్కువైతే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానని చెప్పి, తన పని మీద తాను వెళ్ళిపోయాడు. దేనారము అంటే ఆ కాలములో ఒక కూలివాని ఒక రోజు కూలి. తన జీవితమంతా అక్కడ ధారపోయమని ప్రభువు అడగలేదు. రెండు రోజుల కూలి, ఒక రాత్రి అడిగాడు. మన సెలవు ప్రయాణపు లెక్కలో దొరకనిది సరిగ్గా ఆ ఒక రాత్రే.

ఈ సంగతిని అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. వారి పేర్లు జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్. వారి పరిశోధన 1973లో అచ్చయింది. ప్రిన్స్టన్ వేదాంత కళాశాల విద్యార్థులు 40 మందిని ఒక భవనము నుండి మరొక భవనానికి ప్రసంగము చేయడానికి పంపారు. వారిలో సగము మంది మాట్లాడవలసిన అంశము ఈ మంచి సమరయుని ఉపమానమే. దారిలో ఒక మనిషి గుమ్మము దగ్గర కూలబడి మూలుగుతూ, దగ్గుతూ ఉండేటట్లు ఏర్పాటు చేశారు. సమయము ఉందని చెప్పి పంపినవారిలో 63 శాతము మంది ఏదో ఒక సాయము చేశారు. కొంచెము త్వరపడమన్నవారిలో 45 శాతము. ఇప్పటికే ఆలస్యమయిందని చెప్పి తరిమినవారిలో 10 శాతమే. సమరయుని గురించి మాట్లాడబోతున్నారా, వేరే విషయము మాట్లాడబోతున్నారా అన్నది చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. తేడా చూపినది తొందర.

ఆ విద్యార్థులు రాతిగుండె గలవారు కారు. ఆగకుండా వచ్చినవారిలో కొందరు గమ్యము చేరిన తరువాత కలత చెందినట్లు ఆ పరిశోధకులే వ్రాశారు. వారికి ప్రేమ లేదని ఎలా అనగలము? అయితే పడి ఉన్నవాని వైపు నుండి చూడండి. ప్రేమ లేక దాటినవాడు, సమయము లేక దాటినవాడు ఇద్దరూ అతనికి ఒక్కటే. ఇద్దరి వీపులే అతనికి కనబడతాయి. కాబట్టి "నాకు మనసుంది కానీ తీరిక లేదు" అనే మాట మనలను పూర్తిగా విడిపించదు. తీరిక లేకుండా ఆ ప్రయాణాన్ని కట్టుకున్నది ఎవరు? మనమే. పడినవాణ్ణి చూచినప్పుడు ఆగుతామా లేదా అన్నది చాలా వరకు అక్కడ తేలే విషయము కాదు. ఇంటి దగ్గర, ఎన్ని గంటలకు బయలుదేరాలో అనుకునేటప్పుడే సగము తేలిపోతుంది.

మన క్యాంపులలోని ఒక కుటుంబానికి జరిగిన సంగతి చెబుతాను. క్రిస్మస్ సెలవులలో ఊరు వెళ్ళి, లింగసుగూరులో బంధువులను చూచి, మస్కి మీదుగా సింధనూరు వస్తున్నారు. మధ్యలో బానెట్ సందుల నుండి ఆవిరి వచ్చింది. రేడియేటరు పైపు పగిలింది. కారులో చంటిబిడ్డతో పాటు షుగరు మాత్రలు వేసుకునే పెద్దావిడ కూడా ఉంది. గంటసేపు కార్లు దాటిపోయాయి. వాటిలో తమలాంటి కుటుంబాలే, తెలుగు పాటలు పెట్టుకొని పోతున్నవారే. చివరకు వరిగడ్డి ట్రాక్టరు నడుపుకుంటూ వచ్చిన ఒక కన్నడ రైతు "ఏనాయ్తు రీ?" అంటూ దిగాడు. వేడి మీదున్న రేడియేటరు మూత తీయబోతున్న కుర్రవాని చేయి పట్టుకొని ఆపాడు. తీసి ఉంటే మరిగే నీళ్ళు ముఖాన చిమ్మేవి. తన ట్రాలీని విప్పి పొలం గట్టున వదిలి, కారుకు మోకు కట్టి మస్కి వరకు లాగాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. పొద్దుపోతుందని, గడ్డి ఇంకా దింపాలని చెప్పి వెనక్కు వెళ్ళిపోయాడు.

అతనికీ పని ఉంది. అతనికీ పొద్దుపోతుంది. కారులో ఉన్నవారికంటే అతనికి తీరిక ఎక్కువేమీ కాదు. ఆ కుటుంబపు పెద్ద నాతో ఒక మాట అన్నాడు: "సమరయుని పాత్ర మనదే అనుకుంటూ ఇన్నేళ్ళు విన్నానండీ. దెబ్బలు తిని పడి ఉన్నవాడు కూడా మనమే కావచ్చని అప్పుడు తెలిసింది."

ఆ మాటలో లోతు ఉంది. స్థిరపడినవానికి ఇచ్చే చేయి కావడము ఇష్టము, పుచ్చుకునే చేయి కావడము కష్టము. కానీ మన పెద్దలు ఇక్కడికి పుచ్చుకునేవారుగానే వచ్చారు. 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయి, ఎడమ కాలువ నీళ్ళు ఈ నల్లరేగడి నేలకు వచ్చిన తరువాత కోస్తా నుండి తెలుగువారు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. భాష తెలియని చోట దారి చూపినవారు, బావి నీళ్ళు తోడుకోనిచ్చినవారు ఈ నేలవారే. ఐగుప్తులో మీరు పరదేశులై ఉంటిరి గనుక పరదేశిని బాధింపకూడదని దేవుడు ఇశ్రాయేలీయులకు మాటిమాటికి జ్ఞాపకము చేశాడు. కారు కొన్నవానికి ఆ జ్ఞాపకము ఇంకా ఎక్కువ అవసరము. ఇప్పుడు మన రోడ్ల పక్కన ఆగిపోయే బండ్లలో నాట్లకు, కోతలకు పోయే కూలీల ఆటోలు ఉన్నాయి. పని కోసము బెంగళూరుకు వలసపోయి పండుగకు తిరిగి వచ్చే ఈ జిల్లా బిడ్డలు ఉన్నారు. మన పెద్దలు వచ్చినప్పుడు ఎలా ఉన్నారో వారు ఇప్పుడు అలా ఉన్నారు.

రోడ్డు మీద జరిగేది ఎప్పుడూ ఆలస్యముతోనే పోదు. 2025 జనవరి 21 రాత్రి మంత్రాలయములోని సంస్కృత పాఠశాల విద్యార్థులు హంపి ప్రాంతానికి పూజ కోసము వెళ్తుండగా, మన సింధనూరు దగ్గర వారి వాహనము బోల్తాపడింది. ముగ్గురు విద్యార్థులు, డ్రైవరు చనిపోయారు. టైరు పగిలిందని అప్పటి వార్తలు చెప్పాయి. వారి మతము వేరు. వారి తల్లుల ఏడ్పు వేరు కాదు. ఎవరిది తప్పని తీర్పు తీర్చడము మన పని కాదు. అయితే ఇలాంటివి విన్నప్పుడు "దేవుని చిత్తము" అని అనేసి ఊరుకోవడము భక్తి కాదని మనవి చేస్తున్నాను. అరిగిన టైరును మార్చడము, గాలి చూపించడము, రాత్రి నిద్రమత్తులో నడపకుండా ఆగడము మన చేతిలో ఉన్నవి. మన టైరు పగిలితే చనిపోయేది మనమే కాదు, ఎదురుగా బైకు మీద వచ్చేవాడు కూడా. కాబట్టి బండిని బాగు చేయించుకోవడము కూడా పొరుగువానిని ప్రేమించడములో భాగమే.

ఇక్కడ కొందరు న్యాయమైన అభ్యంతరము చెబుతారు. రాత్రివేళ, కారులో ఆడవారు, పిల్లలు ఉండగా తెలియని చోట ఎలా ఆగుతాము? ఆపద నటించి దోచుకునేవారు లేరా? ఉన్నారు. యెరికో దారిలోనూ ఉన్నారు. కుటుంబాన్ని కాపాడుకోవడము కూడా మనకు అప్పగించబడిన బాధ్యతే. అటువంటప్పుడు వెలుతురు, మనుషులు ఉన్న చోట ఆగి 112కో, అంబులెన్సు కోసము 108కో, జాతీయ రహదారి అయితే 1033కో ఫోను చేయవచ్చు. ముందున్న డాబాలో చెప్పి మనుషులను పంపవచ్చు. దిగలేకపోవడము వేరు, దులుపుకొని పోవడము వేరు.

పోలీసు కేసులో ఇరుక్కుంటామనే భయము మరొకటి. ఒకప్పుడు దానికి కారణము ఉండేది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, ప్రమాద బాధితులకు సాయము చేసేవారిని వేధించకుండా కేంద్ర ప్రభుత్వము రూపొందించిన మార్గదర్శకాలకు చట్టబలము ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టములో 134ఎ అనే సెక్షను చేర్చారు. మంచి మనసుతో సాయము చేసినవానిపై, బాధితునికి ఏదైనా జరిగినా, కేసు పెట్టడానికి లేదు. చట్టము అటువంటివానికి పెట్టిన పేరు ఏమిటో తెలుసా? మంచి సమరయుడు. ప్రభువు చెప్పిన ఉపమానము మన దేశపు చట్టములో పేరుగా నిలిచింది. ఆ పేరు గల పుస్తకాన్ని చేతబట్టుకొనేవారము దాటిపోతే ఎలా?

సాయము చేసేటప్పుడు ఇంకొక జాగ్రత్త. జాన్ క్లౌ దొరగారు 1876-78 కరువులో ప్రజలకు కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము త్రవ్వే కాంట్రాక్టు తీసుకున్నారు. ఆ కరువు పనులు సాగుతుండగా బాప్తిస్మములు ఇవ్వలేదు. అన్నము కోసము ఎవరూ సంఘములో చేరకూడదని ఆయన ఉద్దేశము. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ తరువాతే. మన మూలములు అక్కడివి. దారిలో టైరు మార్చి పెట్టినందుకు బదులుగా ఎవరినీ కరపత్రము చదవమనకండి. అడిగితే ప్రేమతో చెప్పండి. అడగకపోతే స్పానరు ఇచ్చి దీవించి పంపండి.

మన మస్కిలోనే, 1915లో బయటపడిన అశోకుని శాసనము ఉంది. ఆ చక్రవర్తి పేరు అశోకుడని చెప్పే శాసనముగా అది ప్రసిద్ధి. దారుల వెంట బాటసారులకు, పశువులకు నీడ కోసము మర్రిచెట్లు నాటించానని, బావులు త్రవ్వించానని అదే చక్రవర్తి వేరే చోట్ల చెక్కించాడు. రెండువేల రెండువందల ఏళ్ళ క్రితమే ఈ నేలను ఏలినవాడు దారిన పోయేవాని దాహమును తన బాధ్యత అనుకున్నాడు. క్రీస్తును ఎరిగిన మనము అంతకంటే తక్కువ చేయవచ్చునా?

కాబట్టి వచ్చే సెలవులకు బయలుదేరే కుటుంబాలకు నా విన్నపము. టైర్లు, స్టెప్నీ, జాకీ చూచుకోండి. డిక్కీలో ఒక మోకు, ఒక క్యాను నీళ్ళు, ఒక టార్చిలైటు అదనముగా పెట్టండి. అన్నిటికంటే ముఖ్యముగా గంటసేపు ముందు బయలుదేరండి. ఆ గంట మీకు అవసరము రాకపోతే ఇంకొకరికి రావచ్చు. ఎవరికీ రాకపోతే, మీ ఇంటివారితో నెమ్మదిగా టీ త్రాగి ప్రయాణము చేయండి. ఆలస్యముగా వచ్చినవారిని సంఘములో గద్దించే ముందు, దారిలో ఎవరి కోసమైనా ఆగారేమో ఒకసారి అడగండి.

మన రాకపోకలయందు కాపాడు దేవుడు, మన ద్వారా మరొకరిని కూడా కాపాడునుగాక. ఆమేన్.