సుందరకాండ చదివినా దిగులు తీరనప్పుడు

"సుందరకాండ పారాయణ చేశాను అయ్యగారూ. అయినా బతకాలనిపించట్లేదు. నా భక్తిలో ఏమన్నా లోపమా?"

పల్నాడులో మా ఊరి రామాలయంలో అర్చకుణ్ణి నేను. ఇలా అడిగినాయన కౌలు రైతు. 2021లో నల్ల తామరపురుగు పడి మిరప పూతంతా రాలిపోయింది. చేతిలో కౌలు కాగితం లేదు గనక బ్యాంకు అప్పు పుట్టలేదు. పురుగుమందుల కొట్లో ఖాతా మాత్రం పెరిగింది.

భక్తి ఉన్నవాడికి దిగులు రాదని ఊళ్లో గట్టి నమ్మకం. వాల్మీకి అలా అనలేదు. లంకంతా గాలించినా సీత జాడ కనిపించక హనుమంతుడంతటివాడు ప్రాణం విడిచేద్దామనుకున్నాడు. బతికుంటే ఎప్పటికైనా మేలు జరగొచ్చని తనకు తానే చెప్పుకుని మళ్లీ లేచాడు. అశోకవనంలో సీతమ్మ కూడా ఇక చావే నయమనుకుంది. వాళ్లిద్దరికీ భక్తి తక్కువని అనే నోరు ఎవరికుంది?

ఆ తర్వాతి ఘట్టమే నాకు ప్రాణం. హనుమంతుడు చటుక్కున ఆమె ఎదుట దూకలేదు. శింశుపా వృక్షం కొమ్మల్లో కూర్చుని, ఎలా పలకరిస్తే బెదరదో ఆలోచించుకున్నాడు. పండితుడిలా మాట్లాడితే రావణుడనుకుంటుందేమోనని మామూలు మనుషుల మాట ఎంచుకున్నాడు. ఆమెకు మాత్రం వినబడేలా, దశరథుడి ఇంటి సంగతులతో మెల్లగా మొదలుపెట్టాడు. ధైర్యంగా ఉండమని ముందే ఉపదేశించలేదు.

మనమేమో గడపలో కాలు పెట్టగానే "ఏం చేస్తాం, కర్మ" అంటాం. పూర్వకర్మను నేను నమ్ముతాను. అది ఎవరి గురించి వాళ్లు ఆలోచించుకోవలసిన విషయం. కష్టంలో ఉన్నవాడి ముఖాన ఆ మాట అనేస్తే, అప్పటినుంచి అన్నవాడి కర్మ కూడా మొదలైనట్టే.

ఆ రోజు తోట సంగతులే అడిగాను. చాలాసేపు చెప్పాడు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను, అవునన్నాడు. ఆయన వెంట ఇంటికి వెళ్లి భార్యతో మాట్లాడాను. పురుగుమందు డబ్బాలన్నీ ఆయన బావమరిది తన ఇంటికి పట్టుకెళ్లి తాళం వేశాడు. మర్నాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి పంపాడు. వాళ్లమ్మ తాయెత్తు కట్టమంది. కట్టాను, మాత్రలు మానొద్దని కూడా చెప్పాను. సంజీవని కోసం కొండనే ఎత్తుకొచ్చిన స్వామిని కొలుస్తూ మందు వద్దనడం ఏం భక్తి?

ఇలాంటివి పోలీసు కేసవుతుందని దాచిపెట్టే ఇళ్లూ ఉన్నాయి. ప్రాణం తీసుకోబోయినవాణ్ణి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలే తప్ప శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2022 అక్టోబరులో టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి వచ్చింది. 14416కి ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. గుళ్లో పూజావేళలు రాసిన గోడమీదే ఆ నంబరూ రాయించాను.

ఆయన అప్పు ఇంకా తీరలేదు. మాత్రలు వాడుతున్నాడు, పొలానికి వెళ్తున్నాడు. శనివారం పారాయణ అయ్యాక వెంటనే గుడికి తాళం వేయడం మానేశాను. మాట్లాడాలనుకున్నవాళ్లు మండపంలో కూర్చుంటారు. ఆడవాళ్లకు ఆ వేళ కుదరదు. వాళ్ల కోసం మా ఆవిడా, ఆశా కార్యకర్తా మంగళవారం మధ్యాహ్నం, ఇంటిపనులయ్యాక కూర్చుంటున్నారు.