కొయ్య యెద్దు – కొట్టములోని యెద్దు

లోకమునందు మనుష్యుడు దేనిని ప్రేమించునో దాని ప్రతిరూపమును చేసికొనుట సహజము. తల్లిని గోల్పోయినవాడు తల్లి పటమును గోడకు కట్టుకొనును. సముద్రమును విడిచి పట్టణమునకు వచ్చిన జాలరి చిన్న పడవబొమ్మను ఇంట నుంచుకొనును. ఇందు దోషమేమియు లేదు. అయితే తల్లి యింటనే యుండగా ఆమెకు అన్నము పెట్టక, ఆమె పటమునకు పూలమాల వేయువానిని లోకము మెచ్చునా? మెచ్చదు. ఈ రెండింటి నడుమ ఎచ్చటనో ఒక గీత కలదు. ఆ గీత ఎచ్చట నున్నదో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విచారణకు పశుపోషకుని జీవితము తగిన ఉదాహరణము. పశువులను మేపి, పితికి, పాలమ్మి బ్రతుకువాడొకడు తీరిక వేళలందు పశువుల బొమ్మలను, బండ్ల బొమ్మలను, నాగళ్ళ బొమ్మలను, ట్రాక్టరు బొమ్మలను కూర్చి, ఒక అల్మారాలో చిన్న సేద్యమునే నిలుపుకొనెననుకొందము. అతడు ఫలానా వ్యక్తి యని చెప్పుట కాదు; అట్టివాడు ఏ యూరనైనను ఉండవచ్చును. విచారణ సులభమగుటకై అతనిని నెల్లూరు తీరమున, దొరవారిసత్రం ప్రాంతమున నిలిపి చూతము.

నాయుడుపేటకును సూళ్ళూరుపేటకును నడుమ, చెన్నైకి పోవు జాతీయ రహదారిపై నున్న యూరు దొరవారిసత్రం. తూర్పున పులికాట్ సరస్సు. ఊరి చుట్టును వరిపొలములు, చెరువులు. ఆ మండలమునందే నేలపట్టు పక్షుల రక్షణకేంద్రము కలదు. అది 1976లో ఏర్పడినది. శీతకాలమున గూడబాతులు, కొంగలు వచ్చి చెరువులోని చెట్లపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుకొని పోవును. వాని రెట్ట కలిసిన చెరువునీరు పొలములకు బలమని అచ్చటి రైతుల నమ్మకము; కావుననే వారు ఆ పక్షులను చిరకాలముగా చుట్టములవలె చూచుకొనిరి. ఊరి పేరులోనే సత్రము కలదు. సత్రమనగా వచ్చినవానికి నీడ నిచ్చు చోటు. ఈ మాటను మనసున నుంచుకొని ముందునకు పోదము.

తెల్లవారుజామున కోడికూతకు ముందే పశుపోషకుని దినము ప్రారంభమగును. లాంతరు పోయి విద్యుద్దీపము వచ్చినది గాని పని మారలేదు. కొట్టములోని పేడ నెత్తి పెంటకుప్పలో వేయవలెను. తడిసిన నేలను ఊడ్చి బూడిద చల్లవలెను. గాడిలో గడ్డి వేయవలెను. కుడితితొట్టిలో తవుడును, చెక్కపిండిని కలుపవలెను. పిదప దూడను విడుచును. దూడ నాలుగు గుక్కలు త్రాగగనే గేదె చేపును. అప్పుడు దూడను లాగి గుంజకు కట్టి పాలు పితుకును. ఆ లాగుటలోనే ఈ వృత్తియొక్క ధర్మసంకటమంతయు ఇమిడియున్నది. తల్లి చేపునది దూడకొఱకు. అతడు తీసికొనునది దూడ వాటాలోని భాగము. ఎంత విడువవలెను, ఎంత తీసికొనవలెను అను లెక్క ఏ పుస్తకమునందును లేదు. అది అతని చేతియందే యుండవలెను.

పాలు కేంద్రమునకు చేర్చి వచ్చుసరికి ప్రొద్దెక్కును. తరువాత మేపు, నీరు, కడుగుట, మరల సాయంకాలపు పాలు. నడుమ గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు మున్నగు వ్యాధుల భయము. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి పలుపులు విప్పి పశువులను మెరకకు తోలవలెను. పండుగకును, పెండ్లికిని ఊరు విడిచిపోవుట అతనికి దుర్లభము. పొదుగు ఆదివారమని యెరుగదు గదా!

అట్టివాని యింట అల్మారాలోని సేద్యము వేరు. అందు పొణికి కొయ్యతో చెక్కి, చింతగింజల జిగురు పూసి, రంగులు వేసిన కొండపల్లి యెడ్లబండి యుండును. అంకుడు కఱ్ఱను తిప్పి లక్కరంగు లద్దిన ఏటికొప్పాక బొమ్మ లుండును. కుమ్మరి చేసిన మట్టి యెద్దు, పట్టణమున కొన్న ఇనుప ట్రాక్టరు ఉండును. అచ్చట ఏ పశువునకును గాలికుంటు రాదు. ఏ యావును ముదుసలి కాదు. ఏ దూడయు ఆకలి యని అరువదు. వానకును ధరకును లోబడి బ్రతుకు మనుష్యునకు తన మాట వినెడి సేద్యమొకటి కన్నులయెదుట నుండుట ఎంత ఊరట! ఈ సంబరమును చూచి నవ్వుట తగదు. పగలెల్ల బురదలో నడచినవానికి రాత్రి ఒక గడియ ఇట్టి ఊరట అవసరమే.

పైగా ఈ అలవాటు నిన్న నేడు పుట్టినది కాదు. సింధునాగరికత నాటి మొహెంజొదారో, హరప్పా త్రవ్వకములలో మట్టితో చేసిన చిన్న యెడ్లబండ్లు దొరకినవి. హర్యానాలోని బనావళియందు మట్టి నాగలి బొమ్మ లభించినది. మహారాష్ట్రలోని దైమాబాదున 1974లో బయల్పడిన కంచు బొమ్మలలో యెడ్లు పూన్చిన రథమొకటి కలదు. అనగా మనుష్యుడు ఎద్దును కాడికి కట్టిన కొలది కాలమునకే దానిని బొమ్మగా కూడ చేసికొన్నాడన్నమాట. విదేశములయందును ఇట్లే జరిగినది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఇంగ్లండున సీసపు సిపాయి బొమ్మలపై మోజు తగ్గగా, బ్రిటన్స్ అను సంస్థ 1920ల ఆరంభమున సేద్యపు బొమ్మలను, ఆవులను, గొర్రెలను పోతపోసి అమ్మసాగెను. అమెరికాలోని అయోవా రాష్ట్రమున డుబ్యూక్ అను పట్టణమునందు ఫ్రెడ్ ఎర్టల్ 1945లో ఇంటిలోనే అల్యూమినియము కరగించి ట్రాక్టరు బొమ్మలు చేయ నారంభించెను. ఆ రాష్ట్రముననే డయర్స్‌విల్ అను పట్టణమునందు 1986లో సేద్యపు బొమ్మల ప్రదర్శనశాల వెలసినది. యుద్ధముతో విసిగిన మనస్సు పిల్లవాని చేతిలో తుపాకికి బదులు ఆవును పెట్టుట మంచిదే గదా!

అయినచో ఆక్షేపణ మెక్కడ? బొమ్మలో లేదు, బొమ్మతో చేయు పనిలో కలదు. ఇందుకు పశుపోషకుని కొట్టమునుండియే ఒక ఉదాహరణమును చెప్పవచ్చును. పాలిచ్చు గేదెకు దూడ చనిపోయిన యెడల అది చేపదు. అప్పుడు కొందరు ఆ చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, కుట్టి, తల్లి యెదుట నిలుపుదురు. తల్లి దానిని వాసన చూచి, నాకి, తన బిడ్డయే యనుకొని పాలు విడుచును. అదియు ప్రతిరూపమే. కొండపల్లి బొమ్మకంటె అసలుకు దగ్గరగా నుండు ప్రతిరూపము! కాని దానిని చూచి ఏ సహృదయుడు సంతోషించును? అచ్చట ప్రతిరూపము ప్రేమను ఓదార్చుటకు కాదు, ప్రేమను మోసగించి పాత్ర నింపుకొనుటకు నిలిపినది. పైగా ఆ దూడ ఏల చచ్చినది? వ్యాధిచేత చచ్చినచో విధి యనవచ్చును. మగదూడ గదా యని, దానికి పాలు విడుచుట దండుగ యని, గుంజకు కట్టి ఎండగట్టినచో ఆ గడ్డిదూడ యజమానునిపై సాక్ష్యము పలుకుచున్నట్లే.

దీనికి ఎదురుగా మరియొక బొమ్మను చూడుడు. శూద్రకుని మృచ్ఛకటికమునందు చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారు బండితో ఆడి, అది పోగా, దాసి చేసి యిచ్చిన మట్టిబండి వలదని ఏడ్చును. ఆ పసివాని కన్నీరు చూడలేక వసంతసేన తన నగలను ఊడదీసి మట్టిబండి నిండ పోయును. బొమ్మ ఆమె చేతిని తెరిపించినది. గడ్డిదూడ మనుష్యుని చేతిని మూయించును; మట్టిబండి చేతిని తెరిపించును. మొదట వెదకిన గీత ఈ రెండింటి నడుమ నున్నది.

మన పండుగల వరుసయందును ఈ వివేకము కన్పట్టును. సంక్రాంతికి ఇంట బొమ్మల కొలువు తీర్తురు. అందు పల్లె, బండి, పాలమ్మి, ఎద్దు అన్నియు ఉండును. కనుమనాడు కొట్టములోని పశువులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో దండ వేసి పూజింతురు. మెట్లపై బొమ్మను చూచిన పిల్లవాడు ఆ వెంటనే బ్రదికియున్న యెద్దు మెడను నిమురును. బొమ్మ అతనిని కొట్టముదాక నడిపించినది. అచ్చటితో బొమ్మ పని తీరినది.

నేటికాలమున ఈ విచారణ మరింత అవసరమైనది. దుక్కికి ట్రాక్టరు వచ్చెను. బండికి బదులు ఆటో వచ్చెను. ఎద్దునకు పని పోయెను. పనితోపాటు ఉనికియు పోవుచున్నది. దేశమున జరిగిన పశుగణనలను చూచినచో 2012లో గోజాతిలోని మగపశువులు సుమారు 6.79 కోట్లు, 2019 నాటికి అవి సుమారు 4.74 కోట్లు మాత్రమే. అదే కాలమున ఆడపశువులు సుమారు 12.30 కోట్లనుండి 14.51 కోట్లకు పెరిగినవి. పుట్టుకలో ఆడయు మగయు ఇంచుమించు సమముగానే పుట్టును గదా. తక్కువైన మగపశువు లెక్కడికి పోయినవి? ఈ ప్రశ్నకు సమాధానము అందరకును తెలిసినదే. పలుకుట కెవరికిని ఇష్టము లేదు. 19వ శతాబ్దినుండి ఓడలెక్కి పోయిన ఒంగోలు జాతి పశువుల సంతతి నేడు బ్రెజిలు దేశమున నెల్లూరి పేరుతోనే, నెలోర్ అని, కోట్ల సంఖ్యలో నున్నది. అచ్చట దానిని మాంసమునకై పెంచుదురు. ఇచ్చట, దాని పుట్టింట, ఆ యెద్దు ఆటవస్తువగుచున్నది. ఎద్దు కొట్టమునుండి వెడలి అల్మారాలో ప్రవేశించుచున్నది.

అమ్మివేసిన జోడెడ్ల పోలికతో కొయ్య యెడ్లను కొని నిలుపుకొనువాని హృదయమున ప్రేమ లేదనలేము. ప్రేమ లేనివాడు మరచిపోవును; అతడు మరువలేదు. కాని స్మరణము ఋణపత్రమువంటిది, రసీదువంటిది కాదు. బాకీ యున్నదని అది చెప్పును. బాకీ తీరినదని చెప్పదు. ఆ కొయ్య యెద్దును చూచినపుడెల్ల, ఇరువది యేండ్లు తన పొలము దున్నిన ప్రాణికి తాను చేసిన దేమి యని అతడు తనను ప్రశ్నించుకొన్నచో ఆ బొమ్మ గురువగును. దానిని చూచి, నేను పశుప్రేమికుడనని తృప్తి చెందినచో ఆ బొమ్మ గడ్డిదూడ యగును. అప్పుడు మోసపోవునది గేదె కాదు, అతని మనస్సాక్షి.

శరణుల మార్గము ఈ భేదమును స్థావరము, జంగమము అను మాటలతో చెప్పినది. కదలనిది స్థావరము, కదలునది, ఆకలిగొనునది, మన ద్వారమునకు వచ్చి నిలుచునది జంగమము. కదలనిదానికి చేయు సేవలో మనకు నచ్చినంతయే చేయవచ్చును. కదలుదాని సేవ దాని యవసరమునుబట్టి నడచును. అందుచేతనే అది కష్టము. అందుచేతనే అది గొప్ప. వృషభ శబ్దమునుండి పుట్టిన పేరు బసవ. ఆ పేరు దాల్చిన మహానుభావుని గూర్చి సంప్రదాయమున నొక కథ చెప్పుదురు. దొంగలు ఆయన యావులను తోలుకొని పోయిరట. దూడలు ఇంట నిలిచినవి. ఆయన ఆవులు పోయెనని వగవక, తల్లులు లేక దూడలు అలమటించునని తలచి, వానిని కూడ ఆ దొంగల కడకు పంపెనట. ఆవు ఎవరిదను ప్రశ్నకంటె దూడ ఆకలి యను ప్రశ్న ఆయనకు పెద్దది. ఆ శరణుల సమూహమునందే తురుగాహి రామణ్ణ యనెడి పశులకాపరి యుండెను. పశువులను కాచుట ఆయన కాయకము. ఆ కాయకము ఆయనను అనుభవమంటపమునుండి దూరము చేయలేదు.

ఇచ్చట ఒక న్యాయమైన అడ్డు వచ్చును. ముదుసలి యెద్దును మేపుటకు బీదరైతునకు శక్తి యెక్కడిది? రెండు గేదెలపై బ్రతుకు కుటుంబమునకు పనికిరాని పశువొకటి భారమే గదా? ఇది నిజము. ధర్మము నంతటిని ఒక్క బీదవాని నెత్తిపై పెట్టి, పాలు త్రాగినవారందరు ప్రక్కకు తొలగుట ధర్మము కాదు. పాలకేంద్రమునుండి పట్టణమునకు పోవు ప్రతి సీసాలోను మగదూడ వాటా కొంత కలదు. పూర్వము అచ్చుపోసి విడిచిన ఆంబోతును ఊరంతయు మేపెడిది. ఒక్కని చేను మేసినను ఒక్కడే నష్టపడలేదు. అట్టి ఉమ్మడి బాధ్యత మరల రావలెను. మఠములు పెట్టు దాసోహమునందు నోరులేని ప్రాణికి ఒక పంక్తి యున్నచో అది దాసోహమునకు లోపము కాదు, పరిపూర్తి. గడ్డిమోపు పంపు గృహస్థుడు, నీడ యిచ్చు మఠము, కడదాక కట్టుకొయ్యను విడిపింపని రైతు – ముగ్గురును కలిసిననే ఆ ఋణము తీరును.

కావున పశుపోషకుడు బొమ్మలను కూర్చుకొనుట పాపము కాదు, త్యజింపవలసినదియు కాదు. దానికి మూడు నియమము లుండిన చాలును. మొదటిది, బొమ్మకు పెట్టు సొమ్ము తవుడు బస్తా సొమ్ములోనుండి రాకూడదు. రెండవది, కొట్టము ఊడ్చిన పిదపనే అల్మారా తుడువవలెను. మూడవది, బొమ్మను చూచుటకు వచ్చిన పిల్లలను కొట్టములోనికి కూడ తీసికొనిపోవలెను. అచ్చట వాసన యుండును, ఈగ లుండును, దూడ వారి చేతిని గరుకు నాలుకతో నాకును. ఆ నాలుక స్పర్శ నెరిగిన పిల్లవాడు పెద్దవాడైన పిదప మగదూడను గుంజకు కట్టి ఎండగట్టుటకు వెనుకాడును.

ఎచ్చటినుండియో ఎగిరివచ్చిన గూడబాతులకు చెరువునిచ్చి, చుట్టములని యెంచిన జనులు ఆ నెల్లూరు తీరమున నున్నారు. ఆ పక్షులను వారు కట్టివేయలేదు, కొనలేదు, అమ్మలేదు. రెక్కలతో వచ్చిన అతిథికి దొరకిన ఆ నీడలో, వారికొఱకు నాగలి లాగి ముసలిదైన యెద్దునకు కూడ చోటు చాలును.