బసవన్న రంకె వేసేదాకా

యాగంటి గుడిలో బసవన్న చుట్టూ ఒకప్పుడు ప్రదక్షిణ చేసేవారట. ఇప్పుడు విగ్రహానికీ మండపం స్తంభాలకూ మధ్య మనిషి పట్టడు. నంది పెరుగుతోందని, కలియుగాంతంలో లేచి రంకె వేస్తుందని భక్తుల నమ్మకం.

ఆ మాట పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామిదంటారు. బనగానపల్లెలో అచ్చమ్మగారి పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో భవిష్యత్తు చెప్పే కాలజ్ఞానం రాశారని, కొన్ని తాళపత్రాలను పాతిపెట్టి పైన చింతచెట్టు నాటారని కథ. ఆ తర్వాత పాడినవాళ్లూ అచ్చేసినవాళ్లూ తలా కాస్త కలిపారు. నందికన్నా గ్రంథమే వేగంగా పెరిగింది!

2020లో కరోనా రాగానే, కాలజ్ఞానంలోదంటూ ఈశాన్యపు విషగాలి పద్యం వాట్సాప్‌లో ఇంటింటికీ చేరింది. అంతా జరిగాక దొరికే జోస్యం ఎవరిని కాపాడుతుంది?

బ్రహ్మంగారి అసలు సాహసం వేరే ఉంది. ముస్లిం కుటుంబంలో పుట్టిన దూదేకుల సిద్దయ్యను ఆయన ప్రియశిష్యుడిగా చేసుకున్నారు. కాలజ్ఞానం తిరగేసేవారు ముందు ఆ కథ చదవాలి.